కిట్ లెన్స్ నుంచి ఎఫ్/2.8 జూమ్‌కి: వెలుగు ఎక్కడ పెరుగుతుంది, ఏది చేజారుతుంది

సంక్షిప్తంగా: కిట్ లెన్స్ (కెమెరాతో పాటు వచ్చేది) స్థానంలో ఎఫ్/2.8 జూమ్ తెచ్చుకుంటే లాభం ప్రధానంగా బాగా జూమ్ చేసిన చివర, తక్కువ వెలుగులో, కదిలే మనుషుల దగ్గర దక్కుతుంది. వైడ్ వైపు, అంటే దృశ్యం వెడల్పుగా కనిపించే చివర, ఆ లాభం బాగా తక్కువ. పగటి వెలుగులో ఎఫ్/8 దగ్గర తీసే ఫొటోల్లో తేడా పట్టుకోవడం కష్టం. కొన్ని తేలికైన ఎఫ్/2.8 లెన్సుల్లో స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటు) ఉండదు కాబట్టి, కెమెరా బాడీలో అది ఉందో లేదో చూసుకోకుండా లెన్స్ ఎంచుకోవడం సరికాదు.

కెమెరాతో పాటు డబ్బాలో వచ్చే లెన్స్ పగటిపూట పెద్దగా నిరాశపరచదు. పెరట్లో పిల్లలు, గుడి గోపురం, ప్రయాణంలో కొండలు, అన్నీ చక్కగానే వస్తాయి. అదే కెమెరా రాత్రి ముహూర్తానికి కల్యాణ మండపంలోకి వెళ్లేసరికి చేతులెత్తేస్తుంది. తలంబ్రాలు పోసే చేతులు గీతల్లా సాగిపోతాయి, ముఖాల మీద ఇసుక చల్లినట్టు నాయిస్ తేలుతుంది. "కిట్ లెన్స్ తీసేసి 2.8 కొనాలి" అనే సలహా వినిపించేది సాధారణంగా అప్పుడే.

ఆ సలహాలో నిజం ఉంది. అయితే 2.8 అనే అంకె ఏం చేస్తుందో, ఏం చేయలేదో చెప్పేవాళ్లు తక్కువ. పైగా ఎంచుకోవలసిన లెన్సులు ఈ మధ్య బాగా పెరిగాయి. కొన్నేళ్ల కిందటి వరకూ కెనాన్ ఆర్ఎఫ్ మౌంట్ (లెన్స్ తగిలించే అమరిక) కెమెరా కొన్నవారికి చిన్న సెన్సర్‌కు తగిన ఎఫ్/2.8 జూమ్ ఆ మౌంట్‌లో దొరికేది కాదు. 2024లో లెన్సులు తయారుచేసే సిగ్మా, టామ్రాన్ సంస్థలకు కెనాన్ తలుపు తెరిచాక ఆ లోటు తీరింది. దాంతో కిట్ లెన్స్ మార్చాలా వద్దా అని ఎప్పటి నుంచో ఉన్న సందేహం ఇప్పుడు ఇంకా ఎక్కువ మందికి ఎదురవుతోంది.

లెన్స్ మీది అంకెలు

కిట్ లెన్స్ ముందు అంచు చుట్టూ 18-55ఎంఎం అని, దాని పక్కనే 1:3.5-5.6 అని రాసి ఉంటుంది. మొదటిది జూమ్ పరిధి. రెండోది ఆ లెన్స్ ఎంత పెద్దగా కన్ను తెరవగలదో చెబుతుంది. 18ఎంఎం దగ్గర అత్యధికంగా ఎఫ్/3.5 వరకే తెరుచుకుంటుంది, 55ఎంఎం దగ్గర ఎఫ్/5.6 వరకే. ఎఫ్ నంబర్ అంటే ఫోకల్ లెంగ్త్‌ను (18, 55 లాంటి ఎంఎం అంకెను) వెలుగు లోపలికి వచ్చే ద్వారం వ్యాసంతో భాగిస్తే వచ్చే సంఖ్య. అందుకే అంకె చిన్నదైతే ద్వారం పెద్దది.

55ఎంఎంను 5.6తో భాగిస్తే 9.8 మిల్లీమీటర్లు వస్తుంది. అంటే చొక్కా గుండీ అంత. అదే 55ఎంఎంను 2.8తో భాగిస్తే 19.6 మిల్లీమీటర్లు, దాదాపు రూపాయి బిళ్లంత. గుండీని బిళ్ల పక్కన పెట్టి చూస్తే తేడా కళ్లకు కడుతుంది. వ్యాసం రెట్టింపైతే వైశాల్యం నాలుగింతలవుతుంది, కాబట్టి సెన్సర్ మీద పడే వెలుగూ నాలుగింతలే. వెలుగు ఒకసారి రెట్టింపు కావడాన్ని ఒక స్టాప్ అంటారు గనుక ఇది రెండు స్టాప్‌ల తేడా.

జూమ్ పరిధి అంతటా ఎఫ్/2.8 నిలిచి ఉండాలంటే టెలి చివర, అంటే పూర్తిగా జూమ్ చేసిన చోట, ఆ పెద్ద ద్వారానికి సరిపడా గాజు ఉండాలి. పెద్ద గాజుతో పాటు అంచుల్లో తలెత్తే లోపాలను సరిదిద్దడానికి ప్రత్యేకమైన ఆస్ఫెరికల్ గాజులు, తక్కువ డిస్పర్షన్ గాజులు కావాలి. ధర, బరువు పెరిగేది అక్కడే. సోనీ 16-50ఎంఎం కిట్ లెన్స్ ఫిల్టర్ సైజు 40.5 మిల్లీమీటర్లు, బరువు 116 గ్రాములు. అదే సంస్థ 2019లో తెచ్చిన 16-55ఎంఎం ఎఫ్/2.8కి ఫిల్టర్ 67 మిల్లీమీటర్లు, బరువు 494 గ్రాములు. జూమ్ పరిధి ఇంచుమించు ఒకటే, బరువు మాత్రం నాలుగింతలకు పైనే.

లాభమంతా ఒక చివరే

చాలామంది గమనించని విషయం ఇది. 18ఎంఎం దగ్గర కిట్ లెన్స్ ఎఫ్/3.5 ఇస్తుంది, కొత్త లెన్స్ ఎఫ్/2.8 ఇస్తుంది. ఆ తేడా ఒక స్టాప్‌లో మూడింట రెండు వంతులు మాత్రమే, అంటే వెలుగు ఒకటిన్నర రెట్లు. ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ స్పందించే స్థాయి) 1600 బదులు 1000 పెట్టుకోవచ్చు, అంతే. ఇంట్లో వెడల్పుగా, 18ఎంఎం దగ్గరే ఎక్కువ ఫొటోలు తీసేవారు వేలకు వేలు ఖర్చుపెట్టి తెచ్చుకునేది ఇంత చిన్న మార్పు. ముఖాలకు దగ్గరగా, 40 నుంచి 55ఎంఎం మధ్య తీసేవారికి దక్కేది దాదాపు రెండు స్టాప్‌లు. లెన్స్ ఒకటే అయినా ఇద్దరికీ ఒకేలా ఉపయోగపడదు.

ఇటీవలి మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాల కిట్ లెన్సులతో పోలిస్తే ఈ లెక్క మారుతుంది. అద్దం ఉన్న పాత తరహా డీఎస్ఎల్ఆర్ కెమెరాల ఆటో ఫోకస్ వ్యవస్థ నమ్మకంగా పనిచేయడానికి మామూలుగా ఎఫ్/5.6 హద్దుగా ఉండేది, అందుకే కిట్ లెన్సులు ఆ గీత దాటేవి కాదు. మిర్రర్‌లెస్‌లో ఫోకస్ పని సెన్సరే చూసుకుంటుంది, ఇంకా తక్కువ వెలుగుతోనూ నెట్టుకొస్తుంది. దాంతో తయారీ సంస్థలు లెన్స్ చిన్నది చేయడం కోసం ద్వారాన్ని ఇంకా కుదించాయి. కెనాన్ ఆర్50తో వచ్చే 18-45ఎంఎం లెన్స్ ఎఫ్/4.5 దగ్గర మొదలై ఎఫ్/6.3 దగ్గర ఆగుతుంది. నికాన్ జెడ్ సిరీస్ చిన్న కెమెరాల 16-50ఎంఎం కూడా చివరికి ఎఫ్/6.3కే చేరుతుంది. 6.3 నుంచి 2.8కి మారితే వెలుగు అయిదింతలు. పాత 18-55 వాడేవారి కన్నా ఈ కొత్త కిట్ లెన్సులు వాడేవారికే మార్పు ఎక్కువగా కనిపిస్తుంది.

మండపంలో లెక్క

మామూలు అలంకరణ దీపాలున్న కల్యాణ మండపం. లెన్స్ 50ఎంఎం దగ్గర ఉంది. ఎఫ్/2.8, షట్టర్ తెరిచి ఉండే సమయం సెకనులో 125వ వంతు, ఐఎస్ఓ 1600 దగ్గర ఫొటో సరిగ్గా వస్తుందనుకుందాం. ఇండోర్ వెలుగుకు ఇది అసాధారణమేమీ కాదు. అదే చోట కిట్ లెన్స్ ఎఫ్/5.6 దగ్గర రెండు దారులు చూపిస్తుంది. షట్టర్ అంతే ఉంచి ఐఎస్ఓ 6400కి పెంచడం ఒకటి. ఐఎస్ఓ అంతే ఉంచి షట్టర్‌ను సెకనులో 30వ వంతుకు దించడం ఇంకొకటి.

జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో వధూవరుల చేతులు ఒకరి తల మీద ఒకరివి కాసేపు నిలకడగా ఉంటాయి. అక్కడ 60వ వంతుతోనూ నెట్టుకురావచ్చు. తలంబ్రాల దగ్గర ఆ వీలు లేదు. దోసిలి పైకి లేస్తుంది, బియ్యం గాలిలో చెదురుతాయి, ఇద్దరూ పోటీ పడి నవ్వుతూ తలలు వంచుతారు. అక్కడ కనీసం 250వ వంతు కావాలి, గింజలు గింజలుగా కనిపించాలంటే ఇంకా ఎక్కువ. 250వ వంతు పెడితే ఎఫ్/2.8 లెన్స్‌తో ఐఎస్ఓ 3200 సరిపోతుంది. కిట్ లెన్స్‌తో 12800 కావాలి. ఏపీఎస్-సి అనే చిన్న సెన్సర్ మీద 3200 శుభ్రంగానే ఉంటుంది. 12800 దగ్గర చీర అంచు జరీ, తల వెంట్రుకల సన్నని వివరాలు నాయిస్‌లో కలిసిపోతాయి. ఆల్బమ్‌లో పెద్ద సైజు ప్రింట్ వేసినప్పుడు ఈ తేడా దాగదు.

ఈ లాభానికి ఫోకస్ కూడా తోడవుతుంది. డీఎస్ఎల్ఆర్‌లలో లెన్స్ పూర్తిగా తెరిచి ఉన్నప్పుడే ఫోకస్ జరుగుతుంది. కొన్ని కెనాన్ బాడీల్లో మధ్య ఫోకస్ పాయింట్ ఎఫ్/2.8 లెన్స్ ఉంటేనే తన పూర్తి కచ్చితత్వం చూపిస్తుంది. మిర్రర్‌లెస్‌లోనూ సెన్సర్‌కు ఎక్కువ వెలుగు అందితే చీకటి మూలల్లో ఫోకస్ తడబాటు తగ్గుతుంది.

లోతు అనే బేరం

ద్వారం పెద్దదైతే వెలుగు పెరుగుతుంది, ఫోకస్‌లో ఉండే లోతు తగ్గుతుంది. ఈ రెంటినీ విడదీయలేం. ఏపీఎస్-సి కెమెరాతో 50ఎంఎం దగ్గర 3 మీటర్ల దూరం నుంచి తీస్తే ఎఫ్/5.6 దగ్గర ఫోకస్ లోతు సుమారు 80 సెంటీమీటర్లు, ఎఫ్/2.8 దగ్గర అందులో సగం, 40 సెంటీమీటర్లు. 2 మీటర్లకు దగ్గరైతే అది 18 సెంటీమీటర్లకు పడిపోతుంది. వధూవరులు పక్కపక్కన కూర్చుని కెమెరా వైపు చూస్తుంటే ఇబ్బంది లేదు. ఫొటోగ్రాఫర్ ఓ పక్కకు జరిగి తీస్తే దగ్గరున్న మనిషి స్పష్టంగా, వెనకున్న మనిషి మసకగా వస్తారు. పెళ్లికూతురు కళ్లు ఫోకస్‌లో ఉండి పెళ్లికొడుకు ముఖం కరిగిపోయిన ఫొటో ఏ కుటుంబానికీ నచ్చదు.

అక్షింతలు వేశాక బంధువులంతా స్టేజి మీద రెండు మూడు వరుసల్లో నిలబడే గ్రూప్ ఫొటోకి ఎఫ్/5.6 దాకా మూసుకోక తప్పదు. అంటే డబ్బుపెట్టి తెచ్చుకున్న రెండు స్టాప్‌లూ అక్కడ తిరిగి ఇచ్చేయాలి. అక్కడ వెలుగు లోటు లెన్స్ తీర్చదు, ఫ్లాష్ తీరుస్తుంది. ఒక్క లెన్స్ కొంటే లైట్లు, ఫ్లాష్ అక్కర్లేదన్న నమ్మకం ఈ మొదటి గ్రూప్ ఫొటోతోనే తేలిపోతుంది.

వెనక దృశ్యం కరిగిపోయే బ్లర్ కోసమే లెన్స్ మార్చేవారూ చాలామంది. ఇక్కడ గుర్తుంచుకోవలసిన కొలత మళ్లీ ఆ ద్వారం వ్యాసమే. కిట్ లెన్స్‌కు 9.8 మిల్లీమీటర్లుంటే ఎఫ్/2.8కి 19.6, కాబట్టి బ్లర్ వృత్తాలు రెండింతలవుతాయి. మంచి మార్పే. కానీ పోర్ట్రెయిట్లకు పేరున్న 56ఎంఎం ఎఫ్/1.4 లెన్స్‌లో ఆ వ్యాసం 40 మిల్లీమీటర్లు. సోషల్ మీడియాలో కనిపించే వెన్నలాంటి బ్యాక్‌గ్రౌండ్లలో ఎక్కువ భాగం జూమ్ లేని అలాంటి ప్రైమ్ లెన్సులవో, పెద్ద సెన్సర్ కెమెరాలవో. ఏపీఎస్-సి మీద ఎఫ్/2.8 ఇచ్చే లోతు, అదే దృశ్యాన్ని ఫుల్ ఫ్రేమ్ అనే పెద్ద సెన్సర్ మీద సుమారు ఎఫ్/4.2 దగ్గర తీసినట్టుంటుంది. వెలుగు లెక్కలో మాత్రం ఎఫ్/2.8 ఎక్కడైనా ఎఫ్/2.8నే. షట్టర్, ఐఎస్ఓ అంకెలు మారవు.

పగలు, పదును

ఎండలో ఎఫ్/8 దగ్గర తీసిన రెండు ఫొటోలు పక్కపక్కన పెడితే ఏది ఏ లెన్స్‌దో చెప్పడం కష్టం. లెన్సులు సాధారణంగా పూర్తిగా తెరిచినప్పటి కన్నా ఒకటి రెండు స్టాప్‌లు మూసినప్పుడే పదునుగా ఉంటాయి. ఎఫ్/8 వచ్చేసరికి కిట్ లెన్స్ కూడా తన మంచి స్థితికి చేరుతుంది. తేడా ఎఫ్/5.6 దగ్గర కనిపిస్తుంది. అది కిట్ లెన్స్‌కు ఆఖరి హద్దు, ఎఫ్/2.8 లెన్స్‌కు రెండు స్టాప్‌లు మూసిన సౌకర్యవంతమైన చోటు. ప్రకృతి దృశ్యాలు, గుళ్లు, ప్రయాణాలే ఎక్కువగా తీసేవారికి అదే డబ్బుతో మంచి ట్రైపాడ్ తీసుకుంటే మేలు ఎక్కువ.

చేజారేది స్టెబిలైజేషన్

కొనేటప్పుడు అందరూ అపర్చర్ (లెన్స్ ద్వారం) చూస్తారు. ఈ విషయం మాత్రం ఇంటికొచ్చాక తెలుస్తుంది. సోనీ, కెనాన్, నికాన్ కిట్ లెన్సుల్లో చాలా వాటికి చేతి వణుకును సరిదిద్దే స్టెబిలైజేషన్ ఉంటుంది. సిగ్మా 2021లో తెచ్చిన 18-50ఎంఎం ఎఫ్/2.8లో అది లేదు. సోనీ 16-55ఎంఎం ఎఫ్/2.8లోనూ లేదు. టామ్రాన్ 17-70ఎంఎం ఎఫ్/2.8లో ఉంది.

బాడీలోనే స్టెబిలైజేషన్ ఉన్న సోనీ ఏ6700, కెనాన్ ఆర్7 వంటి కెమెరాలకు ఇది పెద్ద లోటు కాదు. సోనీ ఏ6400, జెడ్‌వీ-ఈ10, కెనాన్ ఆర్50, ఆర్10 బాడీల్లో సెన్సర్ స్టెబిలైజేషన్ లేదు. ఇవన్నీ బాగా అమ్ముడయ్యే మోడళ్లే. వీటికి స్టెబిలైజేషన్ లేని ఎఫ్/2.8 లెన్స్ తగిలిస్తే ఒక చేత్తో రెండు స్టాప్‌లు తీసుకుని మరో చేత్తో అంతకన్నా ఎక్కువే పోగొట్టుకునే సందర్భాలు వస్తాయి. గుడి లోపల కదలకుండా ఉన్న శిల్పాన్ని చేత్తో పట్టుకుని తీసేటప్పుడు, స్టెబిలైజేషన్ ఉన్న కిట్ లెన్స్ సెకనులో 10వ వంతుతోనూ పదునైన ఫొటో ఇవ్వగలదు. స్టెబిలైజేషన్ లేని ఎఫ్/2.8తో అదే షట్టర్ దగ్గర వణుకు కనిపిస్తుంది.

స్టెబిలైజేషన్ కెమెరా కదలికను ఆపుతుంది, ఎదుటి మనిషి కదలికను ఆపలేదు. పెద్ద అపర్చర్ వల్ల దక్కే వేగవంతమైన షట్టర్ ఆ రెండింటినీ ఆపుతుంది. తలంబ్రాలకు ఎఫ్/2.8, శిల్పాలకు స్టెబిలైజేషన్. తీసేది ఏదన్న దాన్ని బట్టే జవాబు మారుతుంది.

వీడియోలో ఈ లోటు ఇంకా తెలుస్తుంది. కెమెరా చేత్తో పట్టుకుని నడుస్తూ తీసే ఊరేగింపు దృశ్యాలు స్టెబిలైజేషన్ లేకపోతే కుదుపులమయమే. అదే సమయంలో వీడియో తీసేవారికి ఎఫ్/2.8 ఇచ్చే వరమూ ఒకటుంది. కిట్ లెన్స్‌తో ద్వారం పూర్తిగా తెరిచి జూమ్ చేస్తే 3.5 నుంచి 5.6కి జారుతూ దృశ్యం మధ్యలోనే చీకటవుతుంది, లేదా ఆటో ఐఎస్ఓ దాన్ని గెంతులతో సరిచేస్తుంది. స్థిరమైన అపర్చర్‌తో ఆ బెడద లేదు. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి దీపాల మినుకు పడకుండా వీడియో షట్టర్‌ను 50వ వంతు లేదా 100వ వంతు దగ్గర ఉంచుతారు. అంటే షట్టర్‌తో ఆడుకునే వీలు ఎలాగూ లేదు, వెలుగు కావాలంటే లెన్స్ ద్వారమే దిక్కు.

బరువు ఎలా తగ్గింది

డీఎస్ఎల్ఆర్ కాలంలో ఎఫ్/2.8 జూమ్ అంటే మెడకు బరువే. 2006లో వచ్చిన కెనాన్ ఈఎఫ్-ఎస్ 17-55ఎంఎం 645 గ్రాములు, 2010 నాటి సిగ్మా 17-50ఎంఎం 565 గ్రాములు. మిర్రర్‌లెస్ కోసం చేసిన సిగ్మా 18-50ఎంఎం బరువు 290 గ్రాములే. లోపల అద్దం లేదు గనుక లెన్స్‌కు, సెన్సర్‌కు మధ్య దూరం తగ్గింది. కెనాన్ ఈఎఫ్ మౌంట్‌లో అది 44 మిల్లీమీటర్లుంటే సోనీ ఈ మౌంట్‌లో 18. గీతలు వంగిపోయే డిస్టార్షన్‌ను గాజుతో పూర్తిగా సరిదిద్దే బదులు కొంత పని కెమెరా సాఫ్ట్‌వేర్‌కు అప్పగించడం మరో కారణం. స్టెబిలైజేషన్ యంత్రాంగాన్ని వదిలేయడం ఇంకొకటి. ఆ తేలికదనంలో కొంత భాగానికి ధర పైన చెప్పిన లోటే.

టామ్రాన్ 17-70ఎంఎం 525 గ్రాములు, స్టెబిలైజేషన్‌తో పాటు సిగ్మా కన్నా చివర 20ఎంఎం అదనం. రోజూ భుజాన వేసుకుని తిరిగేవారికి సిగ్మా, వేడుకలు కవర్ చేసేవారికి టామ్రాన్ అనుకూలంగా ఉంటాయి. సిగ్మా 2025లో తెచ్చిన 17-40ఎంఎం ఎఫ్/1.8 ఇంకో స్టాప్‌కి పైగా వెలుగునిస్తుంది, కానీ 40ఎంఎంకే ఆగిపోతుంది.

పట్టించుకోవలసిన మరో అంశం వైడ్ చివర. 16ఎంఎం కిట్ లెన్స్ నుంచి 18ఎంఎంకి మారితే 3 మీటర్ల దూరంలో ఫ్రేమ్ వెడల్పు 4.4 మీటర్ల నుంచి 3.9కి తగ్గుతుంది. ఇంటి హాల్లో గోడకు ఆనుకుని తీసే గ్రూప్ ఫొటోలో ఆ అర మీటరు ఒక మనిషి నిలబడే చోటు.

ఫుల్ ఫ్రేమ్‌లో విషయం కొంత వేరు. కిట్‌గా 24-105ఎంఎం ఎఫ్/4 ఉన్నవారికి ఎఫ్/2.8 ఇచ్చేది ఒక్క స్టాపే, పైగా 70 దాటిన పరిధి పోతుంది. ఎఫ్/4-7.1 రకం 24-105తో మొదలుపెట్టినవారికి మాత్రం మార్పు గట్టిగా తెలుస్తుంది. 2018లో టామ్రాన్ 28-75ఎంఎం 550 గ్రాములతో వచ్చాక, ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్‌లో ఎఫ్/2.8 జూమ్ అంటే ముప్పావు కిలో మోయాల్సిందే అన్న పరిస్థితి మారిపోయింది.

జూమ్ ఒక్కటే దారి కాదు

50ఎంఎం ఎఫ్/1.8 ప్రైమ్ చాలా తక్కువ ధరకు దొరుకుతుంది. కెనాన్ ఎస్‌టీఎం రకం బరువు 160 గ్రాములు. ఎఫ్/2.8 కన్నా అది రెండు రెట్లకు పైగా, ఎఫ్/5.6 కన్నా దాదాపు పది రెట్లు ఎక్కువ వెలుగునిస్తుంది. జూమ్ ఉండదు, కాళ్లతో ముందుకు వెనక్కు నడవాలి. పుట్టినరోజు వేడుకలో అది సాధ్యం. పురోహితుడు, హోమగుండం, వీడియో బృందం చుట్టుముట్టిన పెళ్లి పీటల దగ్గర అడుగు వెనక్కి వేయడానికి చోటుండదు, అక్కడ జూమ్ విలువ తెలుస్తుంది. ఇంట్లో తెల్లని స్లాబ్ మీదికి తిప్పి కొట్టే ఫ్లాష్ కూడా గొప్ప ఫలితమిస్తుంది. ఎత్తైన, రంగుల బట్టలతో అలంకరించిన మండపం పైకప్పు దగ్గర ఆ ఉపాయం పారదు.

నాయిస్ తొలగించే సాఫ్ట్‌వేర్ ఈ లెక్కను కొంత మార్చింది. అడోబీ లైట్‌రూమ్‌లో 2023లో వచ్చిన డీనాయిస్ వంటివి రా ఫైల్ (కెమెరా మార్పులు చేయకుండా దాచిన ఫొటో)లోని ఐఎస్ఓ 6400 నాయిస్‌ను చూడదగ్గ స్థాయికి దించుతున్నాయి. కిట్ లెన్స్‌తోనే ఐఎస్ఓ ధైర్యంగా పెంచి షట్టర్ కాపాడుకునే వీలు దీంతో పెరిగింది. కానీ షట్టర్ తగ్గించడం వల్ల సాగిపోయిన చేతిని ఇవి నమ్మకంగా వెనక్కి తేలేవు. సాఫ్ట్‌వేర్ మీద భరోసాతో కిట్ లెన్స్ కొనసాగించాలంటే పెంచవలసింది ఐఎస్ఓనే.

ముందు పాత ఫొటోలు చూడాలి

ప్రతి ఫొటో ఫైల్‌లో ఫోకల్ లెంగ్త్, అపర్చర్, షట్టర్, ఐఎస్ఓ నమోదై ఉంటాయి. లైట్‌రూమ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో వాటిని బట్టి వేరుచేసి చూడొచ్చు. గత ఏడాది నచ్చిన ఫొటోల్లో ఎక్కువ భాగం 35ఎంఎం పైన, ఎఫ్/5 పైన, ఐఎస్ఓ 3200 దాటి ఉంటే ఎఫ్/2.8 జూమ్ ఆ కెమెరాకు సరైన అడుగు. ఎక్కువ భాగం 18ఎంఎం, ఐఎస్ఓ 100 అయితే లోటు లెన్స్ ద్వారంలో లేదు. పాడైన ఫొటోలను కూడా ఇలాగే చూడాలి. మొత్తం ఫ్రేమ్ వణికితే చేతి కదలిక, గోడ స్పష్టంగా ఉండి మనిషి మాత్రమే సాగితే మనిషి కదలిక. ఈ రెండో రకం ఎక్కువున్నవారికే పెద్ద అపర్చర్ అవసరం.

ఆ పరీక్షలో నెగ్గితే ఒక వేడుకకు లెన్స్ అద్దెకు తెచ్చి చూడడం, సెకండ్‌హ్యాండ్‌లో వెతకడం రెండూ ఉన్న దారులే. పాత లెన్స్ తీసుకునేటప్పుడు, ముఖ్యంగా తేమ ఎక్కువుండే కోస్తా ఊళ్లలో వాడినదైతే, రెండు వైపులా మూతలు తీసి ఒక పక్క నుంచి టార్చ్ వేసి లోపలికి చూడాలి. దుమ్ము చుక్కలు కనిపిస్తే ఫొటో మీద ప్రభావం దాదాపు ఉండదు. సాలెగూడు పోగుల్లాంటి సన్నని తెల్లని గీతలు కనిపిస్తే అది ఫంగస్, ధర ఎంత తక్కువైనా వదిలేయాలి. జూమ్ రింగ్ రెండు చివరల దాకా తిప్పి ఎక్కడైనా పట్టేస్తుందేమో గమనించాలి. తర్వాత 50ఎంఎం దగ్గర ఎఫ్/2.8 పెట్టి గోడ మీది క్యాలెండర్‌ను తీసి, స్క్రీన్ మీద పెద్దది చేసి నాలుగు మూలల అక్షరాలూ చూడాలి. మూలలు మధ్యభాగం కన్నా కాస్త మెత్తగా ఉండడం మామూలే. ఒక పక్క అక్షరాలు స్పష్టంగా, రెండో పక్కవి అలుక్కుపోయినట్టుంటే కెమెరా క్యాలెండర్‌కు తిన్నగా ఉందో లేదో చూసుకుని మరోసారి తీయాలి. అప్పుడూ అలాగే ఉంటే లోపలి గాజు పక్కకు జరిగిందన్నమాట.